ఆస్ట్రేలియా వన్యప్రాణులు: ఏది స్థానికం, ఏది వలస?

యారా తీరం (మెల్‌బోర్న్)

అందరికీ నమస్కారం. మేము ఆస్ట్రేలియా వచ్చి నాలుగేళ్లయింది. కిందటి శీతాకాలంలో మెల్‌బోర్న్ తూర్పు శివారులో పాత పెంకుటిల్లు ఒకటి కొనుక్కున్నాము. చేరిన మొదటి రాత్రే పైకప్పులో ఎవరో బరువుగా నడుస్తున్న చప్పుడు వినిపించింది. దొంగలేమోనని మావారు బయటికి వెళ్లి టార్చి వేస్తే, పెంకుల సందులోంచి పిల్లి పాటి జంతువొకటి తల బయటపెట్టి, గుబురు తోక వేలాడేసి, మమ్మల్నే చూస్తూ ఉంది. అది బ్రష్‌టెయిల్ పోసమ్ అని మర్నాడు పక్కింటి పెద్దావిడ చెప్పారు. ఎలుకల మందు పెట్టడానికి వచ్చిన ఒకాయన దాన్ని బోనులో పట్టి దూరాన కొండ అడవిలో వదిలేస్తానని ధర కూడా చెప్పాడు. ఆ మాట విని పక్కింటావిడ అది నేరమని హెచ్చరించారు. ఏం చేయాలో తోచడం లేదు.

రెండో సంగతి మా అమ్మాయిది. మూడో తరగతి చదువుతోంది. పది స్థానిక జంతువుల పేర్లు రాసి బొమ్మలు వేసుకురమ్మని బడిలో చెప్పారు. కంగారూ, కోలా, వాంబాట్, ప్లాటిపస్, ఎకిడ్నా, డింగో అనే అడవి కుక్క, పోసమ్, ఈమూ, కూకబుర్రా వరకు రాసి, పదోది తోచక పెరట్లో రోజూ కనిపించే గోరింక బొమ్మ వేసింది. ఉపాధ్యాయురాలు గోరింక పక్కన ఒకటి, డింగో పక్కన ఒకటి ప్రశ్నార్థకాలు పెట్టి పంపారు. గోరింక మన పక్షి అని దానికి చెప్పింది నేనే. "మన అంటే ఎవరమ్మా?" అని అది అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

అడవిబాట (గిప్స్‌లాండ్, విక్టోరియా)

యారా తీరం గారూ, ముందుగా ఆయనకు డబ్బు కట్టకండి. నేను పదేళ్లుగా గాయపడిన వన్యప్రాణులను కాపాడే స్వచ్ఛంద బృందంలో పనిచేస్తున్నాను. మీ పక్కింటావిడ చెప్పినది నిజం. విక్టోరియాలో 1975 నాటి వన్యప్రాణి చట్టం కింద పోసమ్‌లు రక్షిత జంతువులు. ఇంట్లో చేరిన బ్రష్‌టెయిల్‌ను బోనులో పట్టడానికి అనుమతి ఉంది కానీ, పట్టిన రోజే పొద్దుగూకాక, అదే ఆవరణలో, పట్టిన చోటికి 50 మీటర్ల లోపే వదిలిపెట్టాలి. రింగ్‌టెయిల్ పోసమ్‌నైతే అసలు పట్టనే కూడదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఈ దూరం 150 మీటర్లు.

ఈ నియమం వింతగా అనిపించవచ్చు గానీ దాని వెనుక కారణం ఉంది. పోసమ్ తన పొలిమేర వదిలి బతకలేదు. కొత్త చోట వదిలిన వాటిలో చాలావరకు, అక్కడి పోసమ్‌లు తరిమితే ఎక్కడానికి చెట్టు దొరకక, నేల మీద తిరుగుతూ, కొద్దిరోజుల్లోనే నక్కల పాలవుతాయి. కొండ అడవిలో వదలడమంటే దాన్ని చంపి, చేతికి నెత్తురంటకుండా చూసుకోవడమే. పైగా ఖాళీ అయిన మీ పైకప్పులోకి వారం తిరక్కుండానే మరొకటి చేరుతుంది.

చేయవలసినది ఇది. నేలకు కనీసం నాలుగు మీటర్ల ఎత్తున, పెరటి చెట్టు మీద, ఎండ నేరుగా తగలని వైపు చెక్క గూటిపెట్టె ఒకటి కట్టించండి. కొన్ని రోజులు దాన్ని అలవాటు పడనివ్వండి. తరువాత చీకటి పడ్డాక అది మేతకు బయటికి వెళ్లడం కళ్లారా చూసి, ఆ సందును బలమైన ఇనుప వలతో మూసేయండి. లోపల పిల్ల మిగిలి ఉందేమో తప్పక చూసుకోవాలి. పిల్ల నాలుగైదు నెలలు తల్లి సంచిలో పెరిగి, ఆ తరువాత ఒకటి రెండు నెలలు తల్లి వీపు మీద తిరుగుతుంది. వీపు మీద పిల్లతో తల్లి బయటికి వచ్చిందంటే మీకు పని సులువు.

అది మీ పైకప్పునే ఎందుకు ఎంచుకుందని అడుగుతారేమో. దానికి కావలసింది చెట్టు తొర్ర. యూకలిప్టస్ చెట్టుకు పోసమ్ పట్టేంత తొర్ర ఏర్పడాలంటే నూరేళ్లకు పైగా పడుతుంది. శివారులో అంత వయసున్న చెట్లను ఇళ్ల స్థలాల కోసం ఎప్పుడో కొట్టేశారు.

పాలపిట్ట (బ్రిస్బేన్)

తొర్రల మాట వచ్చింది కనుక గోరింక సంగతి నేను చెబుతాను. మా నాన్నగారు కరీంనగర్‌లో ఇంటి చూరు కింద గోరింకల జంటకు రోజూ అన్నం మెతుకులు వేసేవారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేనూ వరండాలో మెతుకులు వేశాను. గోరింకలు వచ్చి వాలితే ఎంత ఊరటగా ఉండేదో మాటల్లో చెప్పలేను. అందుకే తరువాత తెలిసిన నిజం నాకు కష్టంగా తోచింది.

గోరింక తనంతట తాను సముద్రం దాటి రాలేదు. తోటల్లో పురుగులను తింటుందని 1862లో మెల్‌బోర్న్‌కు తెప్పించి వదిలారు. పురుగుల బెడద తీరలేదు కానీ గోరింకలు తూర్పు తీరమంతా పరుచుకున్నాయి. చిలుకలు, కూకబుర్రాలు గూడు పెట్టుకునే తొర్రలను అవి ముందే ఆక్రమించి, చెత్తా చెదారంతో నింపేస్తాయి. ఇతర పక్షుల గుడ్లను, పిల్లలను తొర్రలోంచి బయటికి తోసేస్తాయి. ప్రపంచంలో అత్యంత హాని చేసే నూరు పరాయి జాతుల పట్టికలో గోరింక ఉంది. మన ఊళ్లో పొలంలో మిడతలను ఏరుకు తినే ఆ పిట్టే ఇది. అక్కడ దాని పక్కన బతకడం నేర్చిన పక్షులున్నాయి, దాన్ని పట్టి తినే జంతువులూ ఉన్నాయి.

ఒక సందేహం ఉంది. ఇక్కడ నాయిజీ మైనర్ అనే మరో పక్షి ఉంది. పేరు దగ్గరగా ఉంటుంది, ముక్కూ కంటి చుట్టూ పసుపే. కానీ అది బూడిద రంగులో ఉంటుంది, అచ్చమైన స్థానిక పక్షి, చట్టం దాన్ని రక్షిస్తుంది. గోరింక గోధుమ రంగుది, తల నల్లగా ఉంటుంది, ఎగిరితే రెక్కల్లో తెల్లని మచ్చలు కనిపిస్తాయి. మీ అమ్మాయి ఏది చూసి బొమ్మ వేసిందో కనుక్కోండి. ప్రశ్నార్థకం అందుకే పెట్టి ఉండవచ్చు.

యారా తీరం

అడిగాను. గోధుమ రంగు, తల నలుపు, రెక్కల్లో తెలుపు. గోరింకే. రేపటి నుంచి మెతుకులు వేయడం మానేయాలంటే మనసు ఒప్పడం లేదు, అయినా మానేస్తాను. పెట్టె చేసే వడ్రంగికి కబురు పెట్టాము.

మూసీ ఒడ్డు (టౌన్స్‌విల్)

పాలపిట్ట గారి బాధ నాకు బాగా అర్థమవుతుంది. నాది గోరింక కాదు, చుక్కల జింక. తెలంగాణ రాష్ట్ర జంతువుగా మనం ఎంచుకున్నది దాన్నే. ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో టౌన్స్‌విల్ నుంచి లోపలికి గంటన్నర ప్రయాణం చేస్తే చార్టర్స్ టవర్స్ అనే పాత బంగారు గనుల పట్టణం వస్తుంది. ఆ పట్టణానికి ఉత్తరాన ఉన్న మేరీవేల్ పశుక్షేత్రంలో 1886లో కొన్ని చుక్కల జింకలను వదిలారు. నూరేళ్ల దాకా అవి ఆ చుట్టుపక్కలే ఉన్నా, తరువాత సంఖ్య పెరిగి వేలల్లో మేస్తున్నాయి.

పని మీద ఆ దారిన వెళుతూ మొదటిసారి వాటిని చూసిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. ఎండిన వాగు పక్కన ముప్పై నలభై జింకలు, మేపుకు తలలు వంచి, చెవులు మాత్రం మా బండి వైపు తిప్పి నిలబడ్డాయి. ఒక మగ జింక కొమ్ములెత్తి అరిచింది. కవ్వాల్ అడవిలో చిన్నప్పుడు విన్న అరుపే. బండి ఆపి దిగాను. నా పక్కనున్న పశుక్షేత్రం యజమాని, ఎంతో మంచి మనిషి, "ఇవి కరువు ఏడాదిలో మా పశువుల గడ్డి మొత్తం తినేస్తాయి" అని నెమ్మదిగా అన్నాడు. హెలికాప్టర్ల మీంచి కాల్చి వాటి సంఖ్య తగ్గిస్తారని అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కానీ ఆలోచిస్తే ఆయన తప్పు కూడా లేదు. కవ్వాల్‌లో ఆ జింక వెనుక పెద్దపులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల గుంపు ఉంది. ఇక్కడ దాన్ని వేటాడగలిగిన అడవి జంతువు డింగో ఒక్కటే. ఆ డింగోను కూడా పశువుల కోసం చంపుతూ వచ్చారు. మన నల్లతుమ్మ కూడా ఇలాగే పశువులకు నీడనిస్తుందని వచ్చి, క్వీన్స్‌లాండ్ గడ్డి మైదానాలను ముళ్లపొదలుగా మార్చింది.

గోదావరి గట్టు (సిడ్నీ)

అందరూ చెబుతున్నది సరే, కానీ నాకు ఒక సూటి ప్రశ్న ఉంది. ఎన్నేళ్లు ఉంటే ఒక జంతువు స్థానికమవుతుంది? గోరింకకు నూట అరవై ఏళ్లు చాలలేదు. డింగోను కూడా పడవల మీద మనుషులే తీసుకువచ్చారు కదా. అయినా దాని బొమ్మను స్థానిక జంతువుల పుస్తకాల్లో వేస్తున్నారు. పైగా డింగో మన దేశం నుంచే వచ్చిందని, నాలుగు వేల ఏళ్ల కిందట భారతీయులు ఆస్ట్రేలియా వచ్చారని జన్యు పరిశోధనలో తేలిందని చదివాను. అదే నిజమైతే ఆ ఉపాధ్యాయురాలి ప్రశ్నార్థకం న్యాయమే. ఒకటే కొలత ఉండాలి, లేదంటే కొలతే వద్దు.

చెకుముకి రాయి (అడిలైడ్)

గోదావరి గట్టు గారూ, మీ ప్రశ్న మంచిది. నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను, ఇదే ప్రశ్న నా తరగతిలో ప్రతి ఏడాదీ వస్తుంది. ముందు మీరు చదివిన పరిశోధన సంగతి. 2013లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం, దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట భారతదేశం నుంచి ఆస్ట్రేలియాకు మనుషుల రాకపోకలు జరిగి ఉండవచ్చని, డింగో కూడా అప్పుడే వచ్చి ఉండవచ్చని అన్నది. అది మన పత్రికల్లో బాగా ప్రచారమయింది. కానీ 2016లో ఆస్ట్రేలియా ఆదివాసుల వై క్రోమోజోములను మరింత లోతుగా పరిశీలించినప్పుడు ఆ మాటకు ఆధారం దొరకలేదు. డింగో జన్యువులు తూర్పు, ఆగ్నేయాసియా కుక్కలకే దగ్గరగా ఉన్నాయి. కనుక డింగో మనదని గర్వపడటానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవు.

ఇక కొలత. 1999 నాటి జాతీయ పర్యావరణ పరిరక్షణ చట్టం, సామాన్య శకం 1400కు ముందు నుంచి ఈ దేశంలో ఉన్న జాతులను స్థానిక జాతులుగా లెక్కిస్తుంది. డింగో ఎముకల్లో పాతవి సుమారు 3,300 ఏళ్ల నాటివి. కనుక ఆ చట్టం లెక్కన డింగో స్థానికమే. కానీ చట్టం పెట్టిన ఏడాదిని బట్టి ప్రకృతి నడవదు కదా! డింగో వచ్చిన కాలానికి కాస్త అటూ ఇటూగా ప్రధాన భూభాగం మీంచి రెండు మాంసాహార సంచి జంతువులు మాయమయ్యాయి: థైలసీన్, టాస్మేనియన్ డెవిల్. సముద్రం అడ్డు ఉండి డింగో చేరలేని టాస్మేనియా దీవిలో అవి రెండూ మిగిలాయి. కారణం డింగో ఒక్కటేనా, మనుషుల వేట, వాతావరణ మార్పు కూడానా అన్న వాదం శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తోంది.

థైలసీన్ మాట రాగానే నాకు గొంతు పట్టుకుంటుంది. ఒంటి మీద చారలు, తోడేలు తల, కంగారూలాగా సంచి ఉన్న జంతువది. గొర్రెలను తింటుందని 1888 నుంచి 1909 వరకు టాస్మేనియా ప్రభుత్వం తలకు ఒక పౌను చొప్పున బహుమతి ఇచ్చి రెండు వేలకు పైగా చంపించింది. 1936 జూలై 10న దాన్ని రక్షిత జంతువుగా ప్రకటించారు. ఆ సెప్టెంబరు 7న హోబార్ట్ జంతుశాలలో చివరిది చనిపోయింది. రక్షణ దొరికాక అది బతికినది 59 రోజులు. ఇప్పుడు ఏటా సెప్టెంబరు 7ను ఆపదలో ఉన్న జాతుల దినంగా పాటిస్తున్నారు. మా పిల్లలకు ఆ రోజు నేను వేరే పాఠం చెప్పను, దాని పాత చలనచిత్రాన్ని చూపిస్తాను. బోనులో అటూ ఇటూ తిరుగుతూ, ఒక్కసారి నోరు పూర్తిగా తెరుస్తుంది.

నా అభిప్రాయం అడిగితే, సంవత్సరాల లెక్క కన్నా మంచి ప్రశ్న మరొకటి ఉంది. ఆ జంతువు చుట్టూ ఉన్న తక్కిన ప్రాణులు దాంతో కలిసి బతకడం నేర్చుకున్నాయా లేదా? మూడు వేల ఏళ్లలో కంగారూలు డింగో వాసన పసిగట్టడం నేర్చుకున్నాయి. 1859లో వేటకోసం తెచ్చిన కుందేళ్లతో, ఐరోపావారే తెచ్చిన నక్కలతో, ఊరపిల్లులతో ఇక్కడి చిన్న సంచి జంతువులకు ఆ వ్యవధి దొరకలేదు. ఐరోపావారు అడుగుపెట్టాక ఈ దేశం 30కి పైగా క్షీరద జాతులను పూర్తిగా కోల్పోయింది.

ఎర్రనేల (పశ్చిమ క్వీన్స్‌లాండ్)

చెకుముకి రాయి గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ గొర్రెల వారి పక్షాన ఎవరూ మాట్లాడటం లేదు కనుక నేను మాట్లాడతాను. నేను ఇక్కడి పశుక్షేత్రాల లెక్కలు చూస్తాను. డింగో ఆకలికి ఒక్క గొర్రెను చంపి వెళ్లిపోదు, ఒక రాత్రిలో పదింటిని కరిచి వదిలేస్తుంది. తెల్లవారి మందలోకి వెళ్లి, ఇంకా ఊపిరి ఉన్న వాటిని తన చేతులతో చంపవలసి వచ్చిన రైతు ముఖం నేను చూశాను. క్వీన్స్‌లాండ్ నుంచి దక్షిణ సముద్రపు కొండకొనల వరకు 5,600 కిలోమీటర్ల కంచె వేసినది సరదాకి కాదు.

అయితే కంచెకు లోపలి వైపు జరిగినది కూడా నిజాయితీగా చెప్పాలి. డింగో లేనిచోట కంగారూలు విపరీతంగా పెరిగి గడ్డిని మొదలంటా మేసేశాయి, నక్కల బెడద కూడా ఎక్కువయిందని పలువురు పరిశోధకులు అంటారు.

స్థానికం అనే మాటకు నాకు దొరికిన గట్టి సాక్ష్యం ఒక విషంలో ఉంది. నక్కలకు, అడవి కుక్కలకు ఇక్కడ 1080 అనే విషం పెడతారు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని గాస్ట్రొలోబియమ్ మొక్కల్లో అదే విషం సహజంగా ఉంటుంది. ఆ మొక్కల మధ్య తరతరాలుగా పెరిగిన అక్కడి జంతువులు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. నక్క తట్టుకోలేదు, పిల్లి తట్టుకోలేదు. మూడు వేల ఏళ్లుగా ఉన్న డింగో కూడా తట్టుకోలేదు. ఆ నేలతో పాత సంబంధం ఎవరికుందో ఒంట్లోని రక్తమే చెబుతోంది.

కిన్నెరసాని (కొత్తగూడెం)

నేను ఆస్ట్రేలియా ఎన్నడూ చూడలేదు, మా తమ్ముడు పెర్త్‌లో ఉంటాడు. మీ చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. రెండు సందేహాలు ఉన్నాయి. మా చుట్టుపక్కల ఎటు చూసినా జామాయిల్ తోటలే, అవి ఆస్ట్రేలియా చెట్లేనంటారు. కోలా తినేది ఆ ఆకే అయితే మా తోటల్లో అది బతకగలదా? రెండోది, తెల్లవారు "ఇది ఏమిటి?" అని అడిగితే అక్కడివారు "నాకు తెలియదు" అన్నారని, వారి భాషలో ఆ మాట కంగారూ కనుక అదే పేరయిందని మా మాస్టారు చెప్పేవారు. అది నిజమేనా?

చెకుముకి రాయి

కిన్నెరసాని గారూ, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ కట్టుకథ మన వాళ్లందరి నోటా ఉంది. అది నిజం కాదు. 1770లో ఆంగ్ల నావికుడు కెప్టెన్ కుక్ ఓడ పగడపు దిబ్బకు తగిలి దెబ్బతిన్నప్పుడు, ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో ఇప్పుడు ఎండెవర్ నది అంటున్న చోట ఆగి మరమ్మతు చేసుకున్నారు. అక్కడి గూగూ యిమిథిర్ ప్రజలు ఒక రకం కంగారూను "గంగుర్రు" అంటారు. కుక్ బృందం రాసుకున్నది ఆ పేరే. తరువాత వేరే తీరాల్లో, వేరే భాషల వారి దగ్గర ఆ మాట వాడితే వారికి అర్థం కాలేదు, ఆ గందరగోళంలోంచి ఈ కథ పుట్టి ఉండవచ్చు. 1970లలో భాషావేత్త జాన్ హావిలాండ్ ఆ ప్రజల మధ్య పనిచేసి అసలు మాటను నిర్ధారించాడు. అడిగినవారికి జవాబు తెలియనివారిగా కాదు, ప్రతి రకం కంగారూకూ వేరు పేరున్నవారిగా ఆ ప్రజలను తలచుకోవాలి.

మీ జామాయిల్ ప్రశ్న నాకు చాలా నచ్చింది. యూకలిప్టస్‌లో ఏడు వందలకు పైగా జాతులున్నా కోలా ఇష్టపడేవి కొన్నే. మన తెలుగు ప్రాంతాల్లో నాటే జామాయిల్‌లో ఎక్కువ భాగం టెరెటికార్నిస్, కమల్డులెన్సిస్ అనే రెండు జాతులు, వాటి సంకరాలు. ఆ రెండూ కోలాకు ప్రీతిపాత్రమైన చెట్లే! కానీ మీ తోటను నాలుగైదేళ్లకొకసారి గుజ్జు కోసం నరికేస్తారు. కోలాకు ఎన్నో పెద్ద చెట్లు, ఒకదాని నుంచి ఒకదానికి వెళ్లే దారి, ఏడాది పొడవునా లేతాకు కావాలి. ఆ ఆకులో విషం ఎక్కువ, సత్తువ తక్కువ. అందుకే రోజులో ఇరవై గంటల వరకు నిద్రపోతూ, దాదాపు రెండు మీటర్ల పొడవుండే ఉండూకం అనే పేగు సంచిలో, సూక్ష్మజీవుల సాయంతో, ఆ ఆకును నెమ్మదిగా పులియబెట్టుకుంటుంది. పిల్లకు ఆ సూక్ష్మజీవులు పుట్టుకతో ఉండవు. పాలు మాన్పించే ముందు తల్లి తన పేగుల్లోంచి వచ్చే ఒకరకం మెత్తని విసర్జనను పిల్లకు తినిపించి వాటిని అందిస్తుంది.

గోదావరి గట్టు గారి కొలత ప్రశ్నకు కోలా ఇంకొక చిక్కు తెస్తుంది. 2022 ఫిబ్రవరిలో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాల్లో కోలాను అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. మా దక్షిణ ఆస్ట్రేలియాలోని కంగారూ దీవిలో మాత్రం కోలాలు స్థానికం కావు. 1920లలో కొన్నింటిని తెచ్చి వదిలితే అవి వేలల్లో పెరిగి, అక్కడి చెట్లను మోడు చేశాయి. 2019-20 కార్చిచ్చులో ఆ దీవిలోని కోలాలు పెద్దసంఖ్యలో కాలిపోయినప్పుడు దేశమంతా ఏడ్చింది. ఏడవడం సరైనదే. ఆ దీవికి అవి కొత్తవన్నదీ నిజమే.

గోదావరి గట్టు

కంగారూ దీవి సంగతి నాకు తెలియదు. ఒకే దేశంలో ఒకచోట స్థానికం, మరోచోట పరాయి కావచ్చునంటే, దేశం సరిహద్దును కొలతగా పట్టుకోవడం నా పొరపాటు. బ్రష్‌టెయిల్ పోసమ్‌ను కూడా బొచ్చు వ్యాపారం కోసం న్యూజిలాండ్ తీసుకుపోతే, అక్కడి అడవులకు, పక్షులకు అది ఇప్పుడు పెద్ద శత్రువైందని మా మిత్రుడొకరు ఆక్లాండ్ నుంచి చెప్పారు. అక్కడ దాన్ని చంపమంటారు, యారా తీరం గారి ఇంటి మీద అదే జంతువుకు చట్టం కాపలా కాస్తోంది. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వచ్చే సెలవుల్లో కుటుంబంతో విక్టోరియాలోని విల్సన్స్ ప్రోమంటరీ జాతీయ వనానికి వెళుతున్నాము. దారిలో జాగ్రత్తలేమైనా ఉంటే అడవిబాట గారు చెప్పగలరు.

అడవిబాట

సంతోషం. అది మా దారే. తెల్లవారుజామున, మునిమాపు వేళ బండి వేగం తగ్గించండి, జంతువులు మేతకు దిగేది అప్పుడే. ఒక కంగారూ రోడ్డు దాటితే వెనుక రెండోది ఉందనే అనుకోండి. తప్పించబోయి బండిని పక్కకు తిప్పకండి, బ్రేకు మీదే ఆధారపడండి.

చచ్చిన జంతువు రోడ్డు పక్కన కనిపిస్తే, సురక్షితంగా ఆగగలిగిన చోటైతే ఆగి, ఆడదైతే సంచి చూడండి. కిందటి ఆగస్టులో ఆ దారిలోనే మాకొక వాంబాట్ దొరికింది. లారీ గుద్దినట్టుంది, ఒళ్లు అప్పటికే చల్లబడింది. వాంబాట్ సంచి కంగారూకు లాగా ముందుకు కాదు, వెనుక కాళ్ల వైపు తెరుచుకుంటుంది. బొరియ తవ్వేటప్పుడు మన్ను లోపల పడకుండా ఆ ఏర్పాటు. పొట్ట కింద చెయ్యి పెట్టగానే లోపల వెచ్చగా తగిలింది, ఆ వెచ్చదనం కదిలింది. బొచ్చు ఇంకా సరిగా రాని గులాబీ రంగు పిల్ల, అరచేతిలో పట్టేంత, కళ్లు మూసుకుని చనుమొనను నోట్లో పట్టుకుని ఉంది. ఆ చనుమొన పిల్ల నోట్లో ఉబ్బి ఉంటుంది, లాగితే నోరు చీలుతుంది. అందుకే ఎన్నడూ లాగకూడదు. శిక్షణ ఉన్న మా తోటి సభ్యురాలు తల్లి ఒంటి వైపు చనుమొనను కత్తిరించి, పిల్లను అలాగే ఉన్ని టోపీలో చుట్టి, తన చొక్కా లోపల గుండెకు ఆనించి పెట్టుకున్నారు. గంటన్నర ప్రయాణంలో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు, రేడియో పెట్టలేదు. ఆ పిల్ల ఇప్పుడు ఏడు కిలోలు, ఒక సంరక్షకురాలి పెరట్లో బొరియలు తవ్వుతోంది.

మీకు శిక్షణ లేదు కనుక మీరు కత్తిరించే పని పెట్టుకోవద్దు. వన్యప్రాణి సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, వారు వచ్చేదాకా పిల్లను సంచిలోనే వెచ్చగా ఉంచండి. ఆవు పాలు మాత్రం పట్టకండి, సంచి జంతువుల పిల్లలకు అవి అరగవు, విరేచనాలతో చనిపోతాయి. కళేబరం మీద రంగుతో అడ్డగీతలు కొట్టి ఉంటే, అప్పటికే ఎవరో సంచి చూశారని గుర్తు.

యారా తీరం

ఇక్కడ చెప్పినవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. వాంబాట్ పిల్ల దగ్గర రెండుసార్లు చదవమంది. ఉపాధ్యాయురాలిని కూడా కలిశాను. డింగో పక్కన ఆమె పెట్టినది తప్పు గుర్తు కాదట, తరగతిలో చర్చకు ఎంచుకున్న ప్రశ్నట. గోదావరి గట్టు గారి ప్రశ్నను, చెకుముకి రాయి గారి జవాబును మా అమ్మాయి ఆ రోజు అందరి ముందు చెప్పింది. పదో జంతువుగా రింగ్‌టెయిల్ పోసమ్ రాసింది. గోరింక బొమ్మను చెరపలేదు, కాగితం వెనుక వైపు మళ్లీ వేసి, కింద 1862 అని రాసుకుంది.

గూటిపెట్టె కట్టి పన్నెండు రోజులయింది. మొదటి వారమంతా దాని వైపు ఏదీ తొంగి చూడలేదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి తల్లి పెంకుల సందులోంచి బయటికి వచ్చింది, వీపు మీద పిల్ల ఉంది. కంచె మీదుగా నడిచి చెట్టెక్కింది. మావారు నిచ్చెన వేసి అప్పుడే సందు మూసేశారు. ఆ రాత్రి తెల్లవారుజామున అది తిరిగి వచ్చి పెంకులను గీరిన చప్పుడు విని మా అమ్మాయి ఏడ్చింది, నాకూ మనసు కలుక్కుమంది. నిన్న ఉదయం చూస్తే పెట్టె అంచు మీద కొత్త గోళ్ల గీతలు ఉన్నాయి. గుమ్మంలోంచి నల్లని తోక కొస ఒకటి బయటికి వేలాడుతోంది.